పాట వెనక సుయ్‌మనే రొద

ఇవాళ నేను చెప్పబోయేది వంట గురించీ కాదు, కుట్లూ అల్లికల గురించీ కాదు. ఇంట్లో కూచుని మన గొంతో, మన పెద్దవాళ్ళ గొంతో రికార్డు చేసుకుంటున్నప్పుడు వెనకాల సుయ్‌మని ఒక రొద వినిపిస్తుంది చూశారూ, దాని సంగతి చెప్తాను. అది పోగొట్టటానికని నేను కొనబోయి, తీరా డబ్బు కట్టే ముందు ఆగిపోయిన ఒక పెట్టె సంగతి కూడా చెప్తాను.

మా పెద్దత్తయ్యగారికి, అంటే మా అత్తగారి అక్కగారికి, 84 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టి పెరిగిన మనిషి. నలుగు పాటలు, బంతులాట పాటలు, అలక పాటలు, అప్పగింతల పాటలు, వియ్యపురాళ్ళని మేలమాడే పాటలు, ఒకటా రెండా! ఏదీ కాగితం మీద లేదు, అంతా నోటికే. పోయిన వేసవిలో విజయవాడలో మా ఇంటికి వచ్చి నెల్లాళ్ళున్నారు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి, “అమ్మా, ఆవిడ అక్కడుండగానే ఆ పాటలన్నీ రికార్డు చేసి పంపు. ఫోనులో వద్దు, మంచి మైకు కొను” అని డబ్బు కూడా పంపింది.

సరే, మైకు కొన్నాను. మైకుకీ కంప్యూటరుకీ మధ్య పెట్టే చిన్న పెట్టె ఒకటి కొట్టాయనే అంటగట్టాడు. రెండు సాయంత్రాలు కూచుని పదకొండు పాటలు పాడించి పంపాను. మర్నాడు ఫోను. “పాటలు బాగున్నాయమ్మా. కానీ వెనకాల ఎవరో పెనం మీద నీళ్ళు చిలకరిస్తున్నట్టు ఆ చప్పుడేమిటి?”

హెడ్‌ఫోను పెట్టుకు విన్నాను. నిజమే. పెద్దత్తయ్యగారు గొంతు తగ్గించి పాడిన చోటల్లా మాట వినపడదు, సుయ్ మాత్రం వినపడుతుంది. అలక పాటలో పెళ్ళికొడుకు ఏం కోరాడో, అత్తగారు ఏం ఇస్తానందో, సగం ఆ రొదలోనే మునిగిపోయింది.

కొట్టుకి పరిగెత్తాను. “మీ పెట్టెలో ప్రీఆంప్‌కి బలం లేదమ్మా, విడిగా ఇది తీసుకోండి” అని కొట్టాయన ఇంకో పెట్టె చూపించాడు. మైకూ, మొదటి పెట్టే కలిపినా అంత ఖరీదు లేదు! ఒక రోజు ఆగి వస్తానని ఇంటికొచ్చాను. మా పైవాటాలో ఒక అమ్మాయి ఉంటుంది, డబ్బింగ్ స్టూడియోలో రికార్డింగ్ పని. “పిన్నిగారూ, డబ్బు కట్టే ముందు మీరు ఎలా రికార్డు చేశారో ఒక్కసారి చూపించండి” అంది. చూపించాను. భోజనాల బల్ల మీద మైకు, అవతల పేము కుర్చీలో పెద్దత్తయ్యగారు. మూతి దగ్గర మైకు పెడితే ఆవిడ బెదురుతారని నేనే రెండడుగుల దూరాన ఉంచాను. ఆ అమ్మాయి నవ్వి, “ముందు దీన్ని సరిచేద్దాం, పెట్టె సంగతి తరవాత” అంది.

మీలో కొందరు మనవల కోసం కథలు చదివి పంపుతూంటారు. చూపులేని పిల్లలకి పాఠాలు చదివిపెట్టేవారూ ఉన్నారు. అంచేత ఆ అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నది కాస్త వివరంగానే చెప్తాను.

మొదట తేల్చుకోవలసింది ఆ చప్పుడు ఏ జాతిదన్నది. బుయ్‌మని ఒకే శ్రుతిలో మోగితే అది కరెంటు చప్పుడు. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, ఆ ఊపే మైకు తీగలోకి దూరుతుంది. లాప్‌టాప్ ఛార్జరు ఊడదీసి చూడండి, మైకు తీగని కరెంటు తీగలకి ఎడంగా జరపండి, చాలామట్టుకు తగ్గుతుంది. ఫ్యాను చప్పుడు, ఏసీ హోరు, ఫ్రిజ్ గుర్రు, ఇవి గదివి. ఇవేవీ కాకుండా, ఇసక జారుతున్నట్టు ఎడతెగకుండా వచ్చేదే మనం చెప్పుకుంటున్న సుయ్. దీన్నే వాళ్ళు హిస్ అంటారు.

పరీక్ష తేలిక. పాట పాడేటప్పుడు నాబు ఎక్కడ ఉందో అక్కడే ఉంచి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చెయ్యండి. తరవాత మైకుని బొంతలో చుట్టి బీరువాలో పెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఇంకో నిమిషం రికార్డు చెయ్యండి. రెండోసారి రొద బాగా తగ్గిపోయిందా, అయితే అది గదిలోంచి వచ్చేది. ఏ పెట్టె కొన్నా పోదు. రెండుసార్లూ ఒకేలా ఉందా, అయితే అది మైకులోనో పెట్టెలోనో పుడుతోందన్నమాట. మాకు రెండు రకాలూ ఉన్నాయని తేలింది. ఫ్యాను ఆపకుండా రికార్డు చేశాను మరి! మే నెలలో ఆపమంటే పెద్దత్తయ్యగారు ఊరుకుంటారా?

ఈ సుయ్ ఎందుకు పుడుతుందంటే, వెచ్చదనం ఉన్న ప్రతి తీగలోనూ విద్యుత్ కణాలు ఊరికే అటూ ఇటూ కొట్టుకులాడుతూంటాయి. తీగ ఎంత మంచిదైనా ఇది తప్పదు. అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో జాన్సన్ అనే ఆయన దీన్ని కొలిచి చూపించారు, నైక్విస్ట్ అనే ఆయన లెక్క కట్టారు. ఇద్దరి వ్యాసాలూ 1928లో వచ్చాయి. అంటే సుయ్ అనేది మరమ్మతు చేస్తే పోయే లోపం కాదు, ఎంతో కొంత ఉండే తీరుతుంది. మైకులో పుట్టే విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. దాన్ని పనికొచ్చే స్థాయికి పెంచేదే ప్రీఆంప్. అది భూతద్దం లాంటిది. కాగితం మీద అక్షరాలు పెద్దవవుతాయి, వాటితోపాటు కాగితం మీది నలకలూ పెద్దవవుతాయి. అక్షరం అసలే చిన్నగా రాస్తే ఎంత పెద్ద అద్దం పెట్టినా నలకల మధ్య వెతుక్కోవలసిందే. అందుకని అక్షరాన్నే పెద్దగా రాయాలి. అంటే గొంతు మైకుకి బలంగా చేరాలి.

ఇక్కడ దూరం లెక్క వస్తుంది. మైకుకీ నోటికీ ఉన్న దూరం సగానికి తగ్గిస్తే మైకులో పుట్టే విద్యుత్తు సుమారు రెట్టింపవుతుంది. వాళ్ళ కొలతలో 6 డెసిబెల్‌లు. రెండడుగుల నుంచి ఆరంగుళాలకి, అంటే మనవైపు కొలతలో రెండు బెత్తెలకి, తెచ్చామనుకోండి. నాలుగో వంతు దూరం, నాలుగు రెట్లు బలం, 12 డెసిబెల్‌లు. గొంతు అంత బలంగా వచ్చినప్పుడు ప్రీఆంప్ నాబుని అంత మేరా వెనక్కి తిప్పుకోవచ్చు, దాంతోపాటు సుయ్ కూడా నాలుగో వంతుకి దిగుతుంది. గదిలో చప్పుళ్ళూ, గోడల ప్రతిధ్వనీ కూడా వెనక్కి పోతాయి. పైసా ఖర్చు లేదు.

దగ్గరికి తెచ్చినప్పుడు రెండు చిక్కులున్నాయి. ‘ప’, ‘భ’ లాంటి అక్షరాలు పలికినప్పుడు గాలి మైకుకి తగిలి దబ్బుమంటుంది. మైకుని నోటికి సూటిగా కాక కాస్త పక్కగా, పెదవి చివర వైపు ఉంచితే ఆ గాలి తప్పుకుపోతుంది. రెండోది, బాగా దగ్గరైతే గొంతు బొంగురుగా, లావుగా వస్తుంది. ఒక వైపు నుంచే వినే మైకులన్నిటికీ ఉన్న గుణమే ఇది. అలా అనిపిస్తే ఇంకో బెత్తెడు వెనక్కి జరగండి. పెద్దత్తయ్యగారి పీల గొంతుకి మాత్రం ఆ కాస్త లావు మేలే చేసింది.

ఇప్పుడు మైకు జాతులు. డైనమిక్ మైకులో పల్చని పొర, దాని వెనక చిన్న తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి. దానికి వేరే కరెంటు అక్కర్లేదు. సభల్లో చేత్తో పట్టుకు మాట్లాడే మైకులు ఎక్కువగా ఇవే. కండెన్సర్ మైకుకి లోపల చిన్న సర్క్యూటు ఉంటుంది, దానికి పెట్టె నుంచి 48 వోల్టులు తీగలోనే పంపాలి. దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. రెంటికీ తేడా ఎంతంటే, ఒకే బలంతో శబ్దం తగిలినప్పుడు 1966 నుంచీ వస్తున్న షూర్ ఎస్ఎం58 అనే డైనమిక్ మైకు దాదాపు 1.85 మిల్లీవోల్టులిస్తుంది. రేడియో వాళ్ళూ యూట్యూబు వాళ్ళూ మోజుపడే ఎస్ఎం7బి 1.12 మాత్రమే. కండెన్సర్ జాతిలో ఆడియో-టెక్నికా ఎటి2020 దాదాపు 14 ఇస్తుంది. చూశారా, ఎనిమిది పన్నెండు రెట్లు! నెమ్మదిగా మాట్లాడేవారు అందరూ కొంటున్నారని ఎస్ఎం7బి లాంటిది కొంటే, దాని వెనకే బలమైన ప్రీఆంప్ ఖర్చూ వచ్చి పడుతుంది.

అయితే కండెన్సర్‌లో దాని సొంత సర్క్యూటు రొద ఒకటుంటుంది. డబ్బా మీద ‘సెల్ఫ్ నాయిస్’ అని రాస్తారు. అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఎటి2020కి 20 డెసిబెల్‌లు, రోడ్ ఎన్‌టి1-ఎ కి 5. కథ చదివేందుకు 20 ఉన్నదీ చాలు, దగ్గరగా కూచుంటే. గుసగుసగా లాలిపాట పాడాలంటే 5 ఉన్నది సుఖం. ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. కండెన్సర్ మైకులో వినిపించే సుయ్ చాలాసార్లు మైకుదే, పెట్టెది కాదు. దానికోసం కొత్త ప్రీఆంప్ కొనటం బూడిదలో పోసిన పన్నీరే.

నాది డైనమిక్ మైకు. మరి నాకైనా ఆ ఖరీదైన ప్రీఆంప్ అవసరమేనా? ఇందుకు పెట్టె కాగితంలో రెండు అంకెలు చూడాలి. ఒకటి గెయిన్, అంటే ఎంత పెంచగలదన్నది. డైనమిక్ మైకుతో నెమ్మది గొంతుకి 55, 60 డెసిబెల్‌ల దాకా ఉంటే మంచిది. 40తో ఆగిపోయేదైతే నాబు చివరిదాకా తిప్పినా చాలదు. రెండోది ‘ఈక్వివలెంట్ ఇన్‌పుట్ నాయిస్’, పొట్టిగా ఇ.ఐ.ఎన్. ఇది మైనస్ అంకె. మైనస్ 128 అంటే మైనస్ 120 కంటే నిశ్శబ్దంగా ఉన్నట్టు. డబ్బు ఆదా చేసేది ఈ అంకే. ఇందాక చెప్పిన తీగలోని కొట్టులాట వల్ల, సాధారణ మైకుతో, లోకంలో ఎవరు ఎంత గొప్ప ప్రీఆంప్ చేసినా సుమారు మైనస్ 131 దాటి పోలేరు. అది ప్రకృతి గీసిన గీత. ఇప్పుడు ఇంట్లో వాడే మామూలు యు.ఎస్.బి. పెట్టెలే, ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు వీటిని, మైనస్ 127, 128 దగ్గర ఉంటున్నాయి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో అలాంటిదే, దాని నాలుగో తరం పెట్టెకి గెయిన్ 57. అంటే దాని తరవాత లక్ష పెట్టి కొన్నా సుయ్‌లో తగ్గేది మహా అయితే మూడు నాలుగు డెసిబెల్‌లు. మైకు జరిపితే 12 అని ఇందాకే చెప్పుకున్నాం కదూ! ఖరీదైన వాటికి వేరే సొగసులుంటాయి, కాదనను. అవి స్టూడియోల వాళ్ళ గోల.

ఈ అంకెల్లో ఒక చిన్న కిటుకుంది. కొందరు ‘ఎ-వెయిటెడ్’ అని రాస్తారు, కొందరు రాయరు. ‘ఎ’ లెక్కన కొలిస్తే అదే పెట్టె రెండు డెసిబెల్‌లు మెరుగ్గా కనిపిస్తుంది. చీర ధర పోల్చేటప్పుడు బ్లౌజు కలిపా, విడిగానా అని అడుగుతామే, అలాగే ఒకే లెక్కలో ఉన్నవాటినే పోల్చాలి. అసలు ఏ అంకే రాయని పెట్టె జోలికి పోకండి. నా మొదటి పెట్టె అలాంటిదే. నాబు ముప్పావు దాకా బాగానే ఉండి, చివరి పావులో సుయ్ ఒక్కసారిగా విజృంభించేది.

మైకుకీ పెట్టెకీ మధ్య తీగలో తగిలించే చిన్న గొట్టాలు కూడా దొరుకుతాయి. క్లౌడ్‌లిఫ్టర్ సిఎల్-1 అయితే 25, ఫెట్‌హెడ్ అయితే 27 డెసిబెల్‌లు పెంచుతాయి. మన పెట్టెకి గెయిన్ చాలకపోతేనో, నాబు చివర్లో గోల చేస్తేనో ఇవి పనికొస్తాయి. పెట్టె అసలే మైనస్ 128 దైతే వీటితో తగ్గేది స్వల్పం. ఇవి పని చెయ్యటానికి 48 వోల్టుల ఫాంటమ్ కావాలి, దాన్ని తామే తినేసి మైకుకి అందనివ్వవు. అంచేత డైనమిక్ మైకుకే గానీ కండెన్సర్‌కి పనికిరావు.

విడి ప్రీఆంప్ ఇప్పటికే కొని ఉన్నవారికి ఒక మాట. దాని తీగని ఇంటర్‌ఫేస్‌లో ‘లైన్’ అన్న కన్నంలో పెట్టాలి, ‘మైక్’ అన్నదాంట్లో కాదు. మైకు కన్నంలో పెడితే పెంచినదాన్నే మళ్ళీ పెంచుతుంది. పెట్టె కొన్నా రొద పోలేదని వాపోయేవారిలో కొందరు చేసే పొరపాటు ఇదే.

రికార్డు చేసేటప్పుడు గొంతు ఎంత బలంగా రావాలి? తెర మీద డెసిబెల్ గీత ఉంటుంది, సున్నా దాటితే గొంతు చిట్లిపోతుంది. గట్టిగా పాడే చోట అది మైనస్ 12 దగ్గర తగిలేట్టు నాబు ఉంచండి. 24 బిట్లలో రికార్డు చేస్తే ఆ ఖాళీ వల్ల నష్టమేమీ లేదు. బొత్తిగా తక్కువలో చేసి తరవాత పెంచుకుందాంలే అనుకోకండి, అప్పుడు గదీ పెట్టే అన్నీ కలిసి లేస్తాయి. ఫోనులోనే చేసుకునేవారికి కూడా దూరం సూత్రం అదే. చాలా ఫోన్లలో మనం ఆగిన చోటల్లా అదే బలం పెంచేస్తుంది, అందుకే మాటకీ మాటకీ మధ్య సుయ్ ఉబికి వస్తుంది. దగ్గరగా పట్టుకుంటే ఆ ఉబ్బూ తగ్గుతుంది.

అయిపోయిన రికార్డింగులోంచి రొద తీసెయ్యలేమా అంటే, కొంత తియ్యొచ్చు. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం 2000లో వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నారు. పాట లేని చోట రెండు సెకన్ల రొద చూపించి, ఇలాంటిదంతా తగ్గించు అని చెప్పాలి. ఆరు డెసిబెల్‌లు తగ్గిస్తే హాయిగా ఉంటుంది. ఆశపడి ఇరవై అంటే గొంతు బావిలోంచి వచ్చినట్టు గులగులలాడుతుంది.

టేపురికార్డర్ల రోజుల్లో క్యాసెట్ల మీద ‘డాల్బీ’ అని ఉండేది, గుర్తుందా? ఆ రే డాల్బీగారు 1963 నుంచి 1965 దాకా ఐక్యరాజ్యసమితి తరఫున సలహాదారుగా మన దేశంలోనే పనిచేశారు. 1965లో లండన్‌లో కంపెనీ పెట్టి టేపు రొద తగ్గించే పద్ధతి తెచ్చారు. క్యాసెట్లో చేసిందేమిటంటే, రికార్డు చేసేటప్పుడు మెల్లని సన్నని శబ్దాలని ఎక్కువ చేసి, వినిపించేటప్పుడు అంతే తగ్గించటం. మధ్యలో టేపు వేసిన సుయ్ కూడా దాంతో తగ్గిపోయేది. మన సుయ్ టేపు దగ్గర కాదు, మొదటి మెట్టు మైకు దగ్గరే గొంతుతో కలిసిపోతోంది కాబట్టి ఆ ఉపాయం మనకి పారదు.

ఇంతకీ మా ఇంట్లో ఏమైందంటే, కొట్టాయన చూపించిన పెట్టె కొనలేదు. నా పాత పెట్టె తీసేసి, 57 గెయిన్ ఉన్న చిన్న ఇంటర్‌ఫేస్ తెచ్చాను. ఆ ప్రీఆంప్ ధరలో సగం కూడా అవలేదు. రికార్డింగు రాత్రి పదింటి తరవాత, బందరు రోడ్డు కాస్త సద్దుమణిగాక పెట్టుకున్నాం. పడగ్గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టాం. పాటకి ముందు గదిని చల్లబరిచి, పాడే నాలుగు నిమిషాలూ ఫ్యాను ఆపి, మళ్ళీ వెయ్యటం. ఫ్రిజ్ ఆపి మర్చిపోతే పాలు విరిగిపోతాయి కదా, అందుకని నా స్కూటరు తాళంచెవి ఫ్రిజ్‌లోనే పెట్టమంది పైవాటా అమ్మాయి. పొద్దున్నే కూరలకి బయల్దేరేసరికి తాళం కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు, గుర్తొచ్చి తీరుతుంది! మైకుని చూసి పెద్దత్తయ్యగారు, “ఇదేమిటే అమ్మాయ్, మూతి దగ్గర వంకాయ పెట్టావు?” అన్నారు గానీ, ఒక పాట పాడాక దాని సంగతే మరిచిపోయారు.

తొమ్మిది పాటలు శుభ్రంగా వచ్చాయి. ఆవిడ ఊపిరి తీసుకోవటం కూడా వినిపిస్తుంది. మిగతా రెండూ, ఆ అలక పాటా, ఇంకో అప్పగింతల పాటా, ఎంత గుర్తుచేసినా ఆవిడకి రెండో చరణం అందలేదు. నేను పాత రికార్డింగు వినిపిస్తే, “నేనేనా పాడింది?” అని అలా వింటూ కూచున్నారు. ఆ రెండూ ఇక మొదటిసారి రికార్డింగులోనే ఉన్నాయి. ఆరు డెసిబెల్‌లు మాత్రం తగ్గించి పంపాను, వినపడని మాటలు ఇప్పటికీ వినపడవు. డాలస్‌లో మా మనవరాలు ఆ అలక పాట మొదలవగానే “వాన పాట” అంటుందిట.